దొర కోర

“అన్నా, ఇయ్యాల ఫినాలే!”

“ఫినాయిలా? మా దగ్గర దొరకదు. కింద కిరాణంల అడుగు.”

“ఫినాయిల్ కాదన్నా, ఫినాలే! సీజన్ ఫినాలే, ఆఖరి ఎపిసోడు. నేను ఉపేంద్రను. ‘నెత్తురు గడి’ సీరియల్ ప్రొడక్షన్ కెల్లి.”

భిక్షపతి ఫోన్ని ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులా ఒక పై వరస కట్టుడు పళ్ళ సెట్టును తిరుగుతున్న గుడ్డ చక్రానికి ఆనించి మెరుగు పెడుతున్నాడు. మెరుగు మధ్యలో మోటారు ఆపితే మెరుపు అతుకులతికినట్టు ఉంటుందని ఆయన నమ్మకం. అందుకని ఆపలేదు. పై అంతస్తులో కోచింగ్ సెంటర్ సారు మైకులో మొఘలుల పతనం చెబుతున్నాడు. కింద సందులో ఒక ఆటో వెనక్కి రానంటోంది, ఒక కారు ముందుకు పోనంటోంది. ఇన్ని హారన్ల మధ్య ఉపేంద్ర గొంతు పిండిలో పడ్డ ఆవగింజలా ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

“ఇనవడుతుందా అన్నా? లాస్ట్ షాట్ల నీ ప... పడతది!”

పకారంతో మొదలైన రెండక్షరాల మాట. మొదటి అక్షరంలో సగాన్నీ, రెండో అక్షరాన్ని పూర్తిగానూ మోటారు మింగేసింది. అయినా భిక్షపతి తడుముకోలేదు. వరసలో ఖాళీ కనబడితే దానికి సరిపోయేది వెతికి పెట్టడం ముప్పై నాలుగేళ్ళుగా ఆయన చేస్తున్న పనే కదా! సీరియల్ చివర తెర మీద పడేది ఇంకేముంటుంది? పేరు.

“నిజంగనా తమ్మీ?”

“నిజంగ అన్నా. తెర నిండ పడతది.”

“ఇంకెవ్వరియి లేవా?”

“ఇంకెవ్వరియి ఉంటయి? నీదొక్కటే. డైరెక్టర్ సారే దగ్గరుండి చేపిచ్చిండు. సాయంత్రం ఏడింటికి. మిస్ గాకు!”

ఫోన్ పెట్టేశాక భిక్షపతి మోటారు ఆపేశాడు. మెరుగు సగంలో ఉంది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి అతుకు పడితే పడనీ అనుకున్నాడు.

ఆయన ఇంటిపేరు ఏదో ఉంది గానీ ఎవరికీ అక్కర్లేకపోయింది. ‘పండ్ల భిక్షపతి’ అంటేనే గుర్తుపడతారు. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, ఆ పేరు విన్న కొత్తవాళ్ళందరూ ఆయనకు పళ్ళ వ్యాపారం ఉందనుకుంటారు. కొత్తపేటలో పళ్ళ మార్కెట్ ఉన్న రోజుల్లో అయితే మరీను. “బత్తాయిలు ఎట్లిస్తున్నవ్?” అని అడిగినవాడికి, “ఇరవై ఎనిమిది పండ్లు ఒక సెట్టు. తొక్క తీసే పని లేదు, గింజలుండయి. గని నోట్లె పెట్టుకోవాలె, మింగొద్దు” అని చెప్పేవాడు. అడిగినవాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో, రెండో అంతస్తులో, పన్నెండడుగుల గది ఆ ల్యాబు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు పంపే నోటి అచ్చులన్నీ ఇక్కడికి వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, దవడ తీసి, మైనం పరిచి, ఆ మైనంలో ఒక్కొక్క పన్నే నాటి, ఉడకబెట్టి, చిగుళ్ళ రంగు పోసి, అరగదీసి, మెరుగు పెట్టి పంపుతాడు భిక్షపతి. వయసు యాభై ఎనిమిది. పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఎన్ని స్నానాలు చేసినా పోదు. కనుబొమల్లో ఏ వెంట్రుక వయసు వల్ల తెల్లబడిందో, ఏది ప్లాస్టర్ వల్లో భార్య రాములమ్మకు కూడా తెలియదు. మనిషి ఎదురైతే ఆయన చూపు ముందు నోటి దగ్గర ఆగి, అక్కడ పని ముగించుకుని, అప్పుడు కళ్ళ దాకా వెళుతుంది.

ఇందరికి ముత్యాల వరసలు కూర్చిన మనిషి తను మాత్రం పెదవులు మూసి నవ్వుతాడు. పుట్టింది నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ పక్కన. అక్కడి బావి నీళ్ళలోని ఫ్లోరైడు ఊరందరి పళ్ళ మీదా వేసిన గోధుమరంగు చారలే ఆయన పళ్ళ మీదా ఉన్నాయి. “ఊరు ఇడిచి వచ్చిన గని, ఊరు నా నోరు ఇడువలే” అంటాడు.

ఆ పనిలో ఉన్న తిరకాసు ఏమిటంటే, అది బాగా కుదిరితే ఎవరికీ కనబడదు. ఇల్లు కట్టినవాడు వీధిలో నిలబడి ఇది నేను కట్టిందే అనొచ్చు. కట్టుడు పళ్ళు కట్టినవాడికి ఆ వీలు లేదు. “మీ పళ్ళు ఎంత బాగున్నాయండీ” అని ఎవరైనా అంటే, పెట్టుకున్న మనిషి సిగ్గుపడి “పుట్టినప్పటి నుంచీ అంతే” అంటాడు. కింద బోర్డు మీద ల్యాబు యజమాని డాక్టర్ వంశీకృష్ణ పేరు, ఆ పేరు పక్కన రైలు పెట్టెల్లా డిగ్రీలు. సెట్టుతో వెళ్ళే చీటీ మీద ఆస్పత్రి పేరు. భిక్షపతి మాత్రం ప్రతి ప్లాస్టర్ దవడ అడుగునా సూదితో ‘భి’ అని ఒక్క అక్షరం గీస్తాడు. సెట్టు నోట్లోకి వెళ్ళగానే ప్లాస్టర్ దవడ చెత్తబుట్టలోకి వెళుతుంది. హైదరాబాదులో ‘భీ’ అంటే ‘కూడా’ అని అర్థం. ‘నేను కూడా’ అని ముప్పై నాలుగేళ్ళుగా రాస్తున్నాడన్న మాట. చదివింది చెత్తబుట్టే.

అలాంటి పేరు ఇవాళ తెర నిండా పడబోతోంది!

పోయిన ఏడాది ఒక సాయంత్రం ఉపేంద్ర ఆ మెట్లెక్కి వచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల గడి సెట్టు వేసి రక్తపిశాచి సీరియల్ తీస్తున్నారు. పిశాచి ఒక దొర. ముంబై నుంచి తెప్పించిన కోరలు దొర వేషం వేసే నటుడికి పట్టక, ‘నెత్తురు’ అనమంటే ‘నెత్తుఉ’ అంటున్నాడు. పగలబడి నవ్వాల్సిన చోట కోరలు ఊడి కథానాయిక ఒళ్ళో పడ్డాయి. భిక్షపతి వెళ్ళి, నటుడి నోటి అచ్చు తీసుకుని, నాలుగు రోజుల్లో ఈకంత తేలికైన కోరలు చేసి ఇచ్చాడు. “దొర కోరలు ఎట్ల ఉంటే బాగుంటయి?” అని డైరెక్టర్ అడిగితే, “మా తాత చూసిన దొరలకు కోరలు లేకుండెనే సార్. అవి లేకుండనే నెత్తురు తాగిన్రు” అన్నాడు. డైరెక్టర్ ఆ మాటను మూడో ఎపిసోడ్‌లో ఒక ముసలి జీతగాడి చేత అనిపించాడు. ఆ మాటకు కూడా భిక్షపతి పేరు పడలేదు.

మధ్యాహ్నం డాక్టర్ వంశీకృష్ణ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ వాడు, మర్యాదస్తుడు.

“సార్, ఇయ్యాల జర ఐదింటికే పోత. నా పేరు టీవీల పడతది.”

“అరె, కంగ్రాట్స్ భిక్షపతి గారూ! ఏం పాత్ర?”

“పండ్ల పాత్ర సార్.”

“పళ్ళ పాత్రంటే... ఫ్రూట్ బౌలా?”

“గా పండ్లు కాదు సార్, ఈ పండ్లు. కోరలు.”

“కూరలా?”

భిక్షపతి పెదవులు విప్పి తన పళ్ళు చూపించి, చూపుడు వేళ్ళు రెండూ పై పెదవికి కోరల్లా ఆనించాడు. అప్పుడు అర్థమైంది డాక్టర్‌కు. పళ్ళ డాక్టరై ఉండి పళ్ళ మాట అర్థం కానందుకు కాస్త నొచ్చుకున్నాడు కూడా. ఐదింటికి కాదు, నాలుగున్నరకే వెళ్ళమన్నాడు.

ఇంటికి ఫోన్ చేస్తే రాములమ్మ ముందు నమ్మలేదు.

“నీ పేరా? పెండ్లి పత్రికలనే తప్పు కొట్టిన్రు, భిక్షమయ్య అని.”

“గందుకే చెప్తున్న. ఇయ్యాల కరెక్టుగ పడతది. తెర నిండ. ఒక్కటే.”

అటువైపు ఫోన్ కింద పెట్టిన చప్పుడు. తర్వాత కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడుతోనే కాలనీలో సగానికి కబురు అందిపోయిందని భిక్షపతికి తెలుసు. వద్దనాలనిపించలేదు. జన్మలో ఒకసారి రమ్మని పిలవదగ్గ పని తనకు పడింది. రానీ, అందరూ చూడనీ.

మెట్రోలో ఎదురు సీట్లో ఒక పెద్దమనిషి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ నోరారా నవ్వాడు. భిక్షపతి వెన్ను నిటారుగా అయింది. పై వరసలో ఎడమ కోరపన్ను పిసరంత లోపలికి తిరిగి ఉంది. అది తన చేయి. నూటికి నూరు పాళ్ళు తన చేయి. వరస మరీ తీరుగా ఉంటే దొంగపళ్ళని తెలిసిపోతుందని ప్రతి సెట్టులోనూ ఆ ఒక్క పన్నునూ కొంచెం తిప్పి నాటుతాడు. ఎనిమిదేళ్ళ కిందటి పని అయి ఉండాలి. అరుగుదల బాగుంది. ముందుకు వంగి మరీ చూశాడు.

పెద్దమనిషి ఫోన్ ఆపాడు. “ఏంది? గట్ల చూస్తున్నవ్?”

“ఏం లే పెద్దమనిషీ. మీ నోరు మంచిగుంది.”

“నా నోరు నా ఇష్టం! నేను ఫోన్ల మాట్లాడితె నీకెందుకయ్యా పరేషాన్?”

“అయ్యో, నిజంగనే మంచిగుందంటున్న.”

పెద్దమనిషి విక్టోరియా మెమోరియల్‌లో దిగుతూ కూడా వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు. గుర్రుగా చూస్తూ పళ్ళు కొరికాడు. ఆ కొరికిన పళ్ళు కూడా తనవే కాబట్టి భిక్షపతికి కోపం రాలేదు. ఈ ఊళ్ళో తన పళ్ళతో నవ్వేవాళ్ళు, నమిలేవాళ్ళు, తిట్టేవాళ్ళు కొన్ని వేలమంది ఉంటారు. ఒక్కరికీ తను ఎవరో తెలియదు. రేపు పొద్దున్నుంచి అలా కాదు. కనీసం కాలనీలో కాదు. రైలు ఎల్.బి. నగర్‌లో ఆగింది. దిగి, మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

రింగ్ రోడ్డు దాటి మన్సూరాబాద్ వైపు వెళ్ళే దారిలో, ఒక రెండంతస్తుల ఇంట్లో కింది వాటా ఆయనది. పై వాటాలో ఇంటివాళ్ళు. పట్టాభి వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భార్య హనుమాయమ్మ. ఇద్దరిదీ తెనాలి దగ్గర. ఇరవై ఏళ్ళుగా ఒకే స్లాబుకు పైనా కిందా ఉంటున్నా, వాళ్ళ తెలుగు వాళ్ళదే, వీళ్ళ తెలుగు వీళ్ళదే. స్లాబుకు మాత్రం రెండూ వచ్చు.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి పదహారు మంది ఉన్నారు. టీవీని బీరువా పక్క నుంచి గది మధ్యకు జరిపి, దాని మీద కప్పిన అల్లిక గుడ్డ తీసేశారు. రాములమ్మ పట్టుచీర కట్టింది. ఎదురింటి సుమిత్రమ్మ భర్త క్రికెట్ జట్టు జెర్సీ తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు.

“ఈయన ఎందుకు ఇట్ల వచ్చిండు?” అన్నాడు భిక్షపతి.

“రాములక్కనే చెప్పె గద, అంపైర్ది ఆఖరి ఆట అని” అంది సుమిత్రమ్మ.

“అంపైర్ కాదమ్మా, వాంపైర్. నెత్తురు తాగుతడు.”

“అంపైరు గుడ తాగుతడు గని, ఔటివ్వక” అన్నాడు సుమిత్రమ్మ భర్త, జెర్సీ సర్దుకుంటూ.

పట్టాభికి ఇంకో సందేహం. “ఏవయ్యా భిక్షపతీ, ‘నెత్తురు గడి’ అంటే ఏవిటి? తలుపు గడికి నెత్తురంటుకుంటుందా?”

“గడి అంటె దొర ఉండే కోట సార్. పెద్ద బంగ్లా.”

“ఓహో! నేనింకా, పేపర్లో గళ్ళ నుడికట్టు లాంటిదేమో, ఎర్ర ఇంకుతో నింపుతారేమో అనుకున్నా.”

హనుమాయమ్మ పళ్ళెం నిండా జంతికలు తెచ్చింది. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఆరేళ్ళ కిందట పై పళ్ళన్నీ పోతే భిక్షపతి కట్టిచ్చిన సెట్టు ఆవిడది. దాంతో జంతికలు కరకరలాడించడం ఆవిడకు ఆకలి కోసం కాదు, ప్రదర్శన కోసం. “ఇవాళ నీ పేరు పడగానే నేను ఈల వేస్తాను చూడు” అంది. “నా పళ్ళతో వెయ్యలేకపోయాను గానీ, నీ పళ్ళతో వేస్తా.”

ఏడయింది. అందరూ సర్దుకున్నారు. భిక్షపతిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన చొక్కా మార్చుకున్నాడు, తల దువ్వుకున్నాడు. మొదటి పది నిమిషాల్లో కథానాయిక బావిలో దూకింది, తేలింది. తర్వాత పది నిమిషాల్లో ఊరంతా కాగడాలు పట్టుకుని గడి మీదికి వచ్చింది. దొర కోరలు చూపించినప్పుడల్లా రాములమ్మ భర్త వేపు చూసి, “మా ఆయన చేసినయే” అని పక్కవాళ్ళకు చెప్పింది. ఆరోసారి చెప్పాక సుమిత్రమ్మ, “తెలిసింది రాములక్కా, జర నెత్తురు తాగనియ్యి” అంది.

చివరికొచ్చేసరికి కాగడాలు, అరుపులు అన్నీ సద్దుమణిగాయి. జనం గడి తలుపులు బద్దలు కొట్టబోతే అవి తెరిచే ఉన్నాయి. దొర వాకిట్లో పడక కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు. కలబడలేదు. మూడు వందల ఏళ్ళుగా చూడని పొద్దును ఒక్కసారి చూద్దామన్నట్టు తూర్పు వేపు ముఖం పెట్టాడు. ఎండ ముందు ఆయన చెప్పుల మీద పడింది. తర్వాత మోకాళ్ళ మీద. ఆయన ఒక చేయి ఎత్తి కళ్ళకు అడ్డం పెట్టుకోబోయి, ఎందుకులే అనుకున్నట్టు దించేశాడు. తలపాగా ఖాళీ అయింది. కుర్చీ గుడ్డ కొంచెం పైకి లేచింది. బూడిద గాలికి పోయింది. బండల మీద ‘టక్’మని ఒక చిన్న చప్పుడు.

తెర నిండా ఒక కోర. ఒక్కటే.

కెమెరా దాని మీదే నిలిచిపోయింది. నిమిషంలో మూడో వంతు. పాత ఏనుగు దంతంలా పసుపు పట్టిన తెలుపు. మొదలు దగ్గర సన్నటి గోధుమరంగు చార. ఈ ప్రాంతపు దొర ఈ ప్రాంతపు నీళ్ళు తాగి ఉంటాడు కదా అని భిక్షపతి తన సొంత పన్ను అద్దంలో చూసుకుని, ఒంటివెంట్రుక కుంచెతో వేసిన చార అది. గదిలో జంతిక నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

“పాపం పోయిండు” అని రాములమ్మ ముక్కు చీదింది.

“దొర కోసం ఏడుస్తున్నవా? మా తాత ఇంటె నన్ను కొడతడు” అన్నాడు భిక్షపతి. అందరూ కోరను చూస్తుంటే, చేసిన మనిషి మాత్రం దాన్ని సరిగ్గా చూడలేదు. ఆయన కళ్ళు దాని కింద, అక్షరాలు పైకి లేచే చోటు మీద ఉన్నాయి.

పేర్లు మొదలయ్యాయి. పట్టాభి కళ్ళజోడు సర్దుకుని హాజరు పట్టీ పిలిచినట్టు పైకి చదివాడు. కథ, మాటలు, కెమెరా. దుస్తులు. తలపాగాలు. జనరేటర్. భోజనాలు. చాయ్. గబ్బిలాల సంరక్షణ, గౌతమ్. ఒక్కో పేరూ పైకి పోతున్నకొద్దీ భిక్షపతి కుర్చీలో కొంచెం కొంచెం ముందుకు జరిగాడు. చివరికి కుర్చీ అంచు మీద మిగిలాడు. కృతజ్ఞతలు అని పడింది. అందులో ఒక పంచాయతీ, ఒక గొర్రెల మంద యజమాని. అయిపోయింది.

టూత్‌పేస్టు ప్రకటన వచ్చింది.

హనుమాయమ్మ ఈల వేయడానికి నోటి దగ్గర పెట్టుకున్న రెండు వేళ్ళూ మెల్లగా దించింది.

“జల్ది జల్ది పోయినయి. నడిమిట్ల పడ్డదేమో, మనం చూడలేదేమో” అంది రాములమ్మ.

“నేను ప్రతి పేరూ చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఫైళ్ళు చదివినవాణ్ణి” అన్నాడు పట్టాభి. తర్వాత అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు.

“గబ్బిలాలు సాదినోనికి పేరున్నది గద” అంది సుమిత్రమ్మ.

భిక్షపతి కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగాడు. తన చేతుల వేపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో తెలుపు అలాగే ఉంది. పదహారు మందినీ తనే పిలిపించాడు. ఇప్పుడు వాళ్ళెవరికీ ఎటు చూడాలో తెలియడం లేదు. అది కూడా తన వల్లే.

ఫోన్ మోగింది. ఉపేంద్ర. భిక్షపతి చేయి కదలకపోతే రాములమ్మే తీసి, స్పీకర్ నొక్కి, అందరూ వినేలా పట్టుకుంది. అడగాల్సింది ఆవిడే అడుగుదామనుకుంది. ఉపేంద్ర అడగనిస్తే కదా!

“అన్నా! చూసినవా అన్నా! ఎట్ల పడ్డది నీ పన్ను! నేను చెప్పలే? తెర నిండ! ఇక్కడ అందరు లేచి చప్పట్లు కొట్టిన్రు అన్నా!”

“పన్నా?” అని ఉలిక్కిపడ్డాడు పట్టాభి. “ఏం పన్ను? సీరియళ్ళకి కొత్తగా పన్నేవిటి? ఎంత శాతం?”

“మీ పన్ను కాదండీ, నోట్లో పన్ను!” అని కసిరింది హనుమాయమ్మ.

భిక్షపతి తల ఎత్తాడు. పొద్దున మోటారు మింగిన ఆ అక్షరం రాత్రికి బయటపడింది. ఒకసారి కళ్ళు మూసుకుని పొద్దుటి మాటలన్నీ మళ్ళీ పేర్చుకున్నాడు. తెర నిండ పడతది. నీదొక్కటే. డైరెక్టర్ సారే చేపిచ్చిండు. అన్నీ నిజమే. ఒక్కటీ అబద్ధం లేదు.

ఆయన లేచి నిలబడ్డాడు. ఈ సంగతి తనే చెప్పాలి. ఇంకొకరు చెబితే ఇంకా పాడవుతుంది.

“గడ్‌బడ్ నాదే” అన్నాడు అందరికీ వినబడేలా. “పొద్దుగాల ఈ తమ్ముడు ఫోన్ల ‘నీ పన్ను పడతది’ అన్నడు. మోటరు నడుస్తుండె. నాకు ‘నీ పేరు పడతది’ అని ఇనవడ్డది. పడేది ఏందని నేను మల్ల అడగలే. అడుగుతె కాదంటడేమో అని అడగలేనో ఏమో, గది గుడ నిజమే. మిమ్ముల అందరిని పిలిపిచ్చిన. పేరు పడలే, పన్ను పడ్డది. పన్నుతోటి నా ఇజ్జత్ గుడ ఊడింది.”

ముందు సుమిత్రమ్మ భర్త నవ్వాడు. తర్వాత అందరూ. చెడ్డ నవ్వు కాదది, కుర్చీలు ఊగే నవ్వు. ఫోన్లో ఉపేంద్ర గొంతు మాత్రం చిన్నదైపోయింది.

“అన్నా... పేరుది నా చేతుల లేదన్నా. లిస్టుల పండ్లు చేసినోళ్ళకు జాగనే లేకుండె.”

“ఫికర్ చెయ్యకు తమ్మీ. పన్ను మంచిగ పడ్డది. మొన మీద పడకుండ పక్కకు పడ్డది చూడు, బరువు కుదిరింది గనకనే గట్ల పడ్డది” అన్నాడు భిక్షపతి. ఇప్పుడు తీరిగ్గా గుర్తుచేసుకుంటే, అది నిజంగా చాలా బాగా పడింది.

అందరూ నవ్వుతున్నారు గానీ హనుమాయమ్మ నవ్వడం లేదు. ఆవిడ జంతికల పళ్ళెం పక్కన పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి చేతిలో పై పళ్ళ సెట్టు ఉంది. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన పట్టాభి ముందు తప్ప ఎవరి ముందూ ఆవిడ ఆ పని చేసి ఎరగదు. పదహారు మంది ముందు, ట్యూబ్‌లైట్ వెలుగులో, పై పెదవి లోపలికి పోయిన ముఖంతో, ఆ సెట్టును భిక్షపతి వేపు చాపింది.

“ఈని ఈవ వెయ్యి ఈ వేవు” అంది.

“ఈనుడా? ఎవలు ఈనిన్రు?” అంది సుమిత్రమ్మ కంగారుగా.

హనుమాయమ్మ మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ పట్టాభి వేపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“దీని మీద వెయ్యి నీ పేరు, అంటోందయ్యా. టీవీలో పడ్డ పేరు అరనిమిషంలో పోతుంది, అంటోంది. పేరంటే జనం నోళ్ళలో నానాలిట. ముందు నా నోట్లో నానబెట్టు, అంటోంది.”

హనుమాయమ్మ అవునన్నట్టు గట్టిగా తల ఊపింది.

భిక్షపతి సెట్టును రెండు చేతులా అందుకున్నాడు. అలవాటు కొద్దీ ముందు తిప్పి చూశాడు. “ఎనక పన్ను అరిగింది. జంతికలు జర తగ్గించాలె అమ్మా” అన్నాడు. బొటనవేలితో అంగిలి వెడల్పు కొలిచాడు. “నాలుగక్షరాలు. అంగిట్ల సరిపోతయి. లోపల చెక్కి, మీద గులాబి పోస్త. నాలికెకు తగలది.”

“ఇంటిపేరు గుడ ఎయ్యి” అంది రాములమ్మ. “ఈసారి తప్పు పోవద్దు.”

“మా అత్తది గుడ ఒక సెట్టున్నది, తేవాల్నా?” అంది సుమిత్రమ్మ.

“తే. గని ముందుగాల ఆమెను అడుగు” అన్నాడు భిక్షపతి, పళ్ళు కనబడేలా నవ్వుతూ. గోధుమరంగు చారలన్నీ బయటపడ్డాయి. మూసుకోవాలని తోచలేదు.

ఒక్కొక్కరే లేచారు. కుర్చీలు ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. హనుమాయమ్మ మెట్లెక్కుతూ రేపటి దాకా పెరుగన్నమే అని భర్తకు సైగ చేసింది. రాములమ్మ టీవీని మళ్ళీ బీరువా పక్కకు జరిపి, అల్లిక గుడ్డ కప్పింది. టీపాయ్ మీద, రిమోట్ పక్కన, స్టీలు గిన్నెలో నీళ్ళు. ఆ నీళ్ళలో వెల్లకిలా పద్నాలుగు పళ్ళు, వాటి మధ్య ఇంకా ఏమీ రాయని గులాబీ రంగు అంగిలి.